ఆలెఫ్ ఎక్కించినవాళ్లు ఉన్నారా?

వంశధార, పర్లాకిమిడి: సాయంత్రాలు పది మంది డిప్లొమా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. బెల్ ల్యాబ్స్‌లో ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఫిల్ వింటర్‌బాటమ్ చేసిన ఆలెఫ్ ప్రోగ్రామింగ్ భాషతోనే ఛానళ్లు (ఒకేసారి నడిచే పనులు ఒకదానికొకటి సమాచారం అందించుకునే దారులు) నేర్పాలని నా పట్టుదల. 1995 నాటి ప్లాన్ 9 రెండో ఎడిషన్ పాత పీసీ మీద ఎవరైనా ఎక్కించారా? ఏ వీడియో కార్డు పనిచేసింది?

ప్రాణహిత, సిరొంచ: ఆలెఫ్‌లో గార్బేజ్ కలెక్షన్ (వాడేసిన మెమరీని భాషే ఖాళీ చేయడం) లేదండీ. ఛానల్లో పాయింటర్ (మెమరీ చిరునామా) పంపాక ఆ మెమరీని ఫ్రీ చెయ్యాల్సింది ఎవరు, పంపినవాడా అందుకున్నవాడా? సీ భాషలో ఇదే తప్పుతో మూడు రాత్రులు నిద్ర పోలేదు, పైగా కరెంటు కోతలు. పిల్లలకి ఆ టెన్షన్ వద్దు. లింబో భాష చెప్పండి, ఆ పని అదే చూసుకుంటుంది. అది నడిచే ఇన్ఫెర్నో సిస్టమ్ లినక్స్ మీద మామూలు ప్రోగ్రాంలా నడుస్తుంది.

నాగావళి, రాయగడ: ఆలెఫ్‌లో పనుల్ని నడిపే ప్రోక్, టాస్క్ రెండూ ఒకటేనని చెప్తే సరిపోతుంది మాస్టారూ.

బరంపురం బాబాయి: ఒకటే ఎలా అవుతాయి? ఇరవై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. ప్రోక్‌కి వంతు ఇచ్చేది కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం. టాస్కులు ఒకే ప్రోక్‌లో ఉంటాయి, ఒకటి తప్పుకుంటేనే ఇంకోటి కదులుతుంది.

నాగావళి: ఛానల్ దగ్గర ఒక టాస్క్ ఆగితే పక్కది నడుస్తుంది కదా! నేను చేసి చూశాను.

బరంపురం బాబాయి: ఛానల్ దగ్గర ఆగడం వేరు, కీబోర్డు రీడ్‌లో ఆగడం వేరు. రీడ్‌లో ఇరుక్కుంటే ఆ ప్రోక్‌లోని టాస్కులన్నీ ఆగిపోతాయి. అందుకే రీడ్‌కి విడిగా ఒక ప్రోక్ పెట్టి, వచ్చిన అక్షరాల్ని ఛానల్లో తెప్పించుకుంటారు. ముందు మాన్యువల్ చదవండి.

నాగావళి: రీడ్ సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ఆ గొంతేంటండీ? మర్యాదగా చెప్తే వినమా?

సంతబయలు, గుణుపురం: ఛానల్‌ని కాలువ అనకండి, నీళ్లు నిలవ ఉంటాయనుకుంటారు. బఫర్ (మధ్యలో దాచుకునే చోటు) లేని ఛానల్ అంటే బస్సు టాపు మీదికి మూట అందించడమే. పైవాడు పట్టుకునేదాకా కిందివాడు చెయ్యి వదలడు. మా పిల్లలు ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు. ఈ మాట రెండు భాషల్లోనూ అందింది.

ప్రాణహిత: 2000లో మూడో ఎడిషన్‌లో ఆలెఫ్‌ని తీసేశారు. ఒక్కో ప్రాసెసర్‌కీ కంపైలర్ నిలబెట్టడం వాళ్లకే భారమైంది. ఆలెఫ్‌లో రాసిన ఆక్మీ ఎడిటర్‌ని సీలో తిరగరాశారు.

బరంపురం బాబాయి: తీసేసినా పోలేదు. ఛానల్‌కి వాడే ఆ బాణం గుర్తు (<-) 2009లో గో భాషలో మళ్లీ కనబడింది.

వంశధార: శనివారం మూట ఉదాహరణతోనే మొదలుపెడతా. రీడ్‌కి విడి ప్రోక్ కూడా బోర్డు మీద గీసి చూపిస్తా. వీడియో కార్డు సంగతి ఎవరికైనా తెలిస్తే చెప్పండి, పీసీ విప్పి పెట్టుకున్నాను.