ఎలిజబెత్ మిగిల్చిన ఖజానాయే స్టువర్టుల కష్టాలకు మూలమా?

గ్రంథాలయవాసి:
ఇంగ్లండు రాణి ఎలిజబెత్ పార్లమెంటును మెప్పించి పాలించిందనీ, ఆమె తరువాత వచ్చిన స్టువర్టు వంశపు రాజులు మొదటి జేమ్స్, మొదటి చార్లెస్ దైవదత్త రాజాధికారమంటూ మొండికెత్తి 1642 నాటి అంతర్యుద్ధానికి దారి తీశారనీ మనం పాఠాలలో చదువుకున్నాం. అయితే 1603లో ఎలిజబెత్ మరణించే నాటికి ఖజానాపై సుమారు 4 లక్షల పౌన్ల అప్పు ఉన్నదనీ, అప్పటికే ఆమె రాజభూములను పెద్దయెత్తున అమ్మివేసిందనీ ఈ మధ్య చదివాను. అలాగైతే స్టువర్టులు చేసిన తప్పులలో కొంత భాగం ఎలిజబెత్ వంశమైన ట్యూడర్ల ఖాతాలో వేయవలసి ఉంటుందా? తెలిసినవారు వివరించగలరు.

పాతదస్తరం:
ఆ అప్పును చూసి భయపడనక్కరలేదు. 1585 నుంచి స్పెయిన్‌తో యుద్ధం, 1594 నుంచి ఐర్లండులో టైరోన్ తిరుగుబాటు సాగుతుండగా అంతటితో బయటపడడం నిజానికి గొప్పే. పైగా 1601 పార్లమెంటు మంజూరు చేసిన పన్నులో కొంత ఆమె మరణానంతరం వసూలు కావలసి ఉంది. అసలు చెద సబ్సిడీ అనే ఆ పన్నుకే పట్టింది. ప్రతి వ్యక్తి ఆస్తికి విలువ కట్టి దానిపై వసూలు చేయవలసిన ఈ పన్నులో, ధరలు ఏటికేడు పెరుగుతున్నా విలువలను పెంచినవారు లేరు. ఖజానాకు అధిపతి అయిన లార్డ్ బర్లీ ఏడాదికి సుమారు 4,000 పౌన్ల ఆదాయం అనుభవిస్తూ, పన్ను లెక్కలో మాత్రం 133 పౌన్ల ఆసామిగానే నమోదయ్యాడంటే, ఇక మిగతావారి సంగతి చెప్పాలా? ఎలిజబెత్ పాలన ఆరంభంలో ఒక్కో సబ్సిడీకి లక్షా 40 వేల పౌన్ల వరకు వచ్చేది, 1628 నాటికి సుమారు 55 వేలకు పడిపోయింది.

విలువ కట్టేవారు ఆయా కౌంటీల, అంటే జిల్లాల, భూస్వాములే, జీతం లేకుండా అక్కడ న్యాయం చూసేవారూ వారే, పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలో కూర్చునేవారూ ఎక్కువగా వారే. వారిని నొప్పించకుండా పాలించడమే రాణిగారి నేర్పు అని మనం మెచ్చుకుంటున్నాం, ఆ నేర్పుకు అయిన ఖర్చు మాత్రం తరువాతివారి పద్దులో పడింది. కొలువులోని వారికి నగదు ఇవ్వలేక గుత్త హక్కులు, అంటే ఒక్కో సరుకును తామొక్కరే అమ్ముకునే హక్కులు, పంచిపెట్టడమూ ఇందులో భాగమే. 1601లో ఆ గుత్త సరుకుల జాబితాను సభలో చదువుతుంటే విలియం హేక్‌విల్ అనే సభ్యుడు లేచి, ఇందులో రొట్టె లేదా అని అడిగాడు. ఆ నవంబరు 30న రాణి తన ప్రసిద్ధ ప్రసంగంతో అందరినీ కరిగించింది గానీ, రద్దయినవి కొన్ని గుత్తలే, మిగిలినవాటిని న్యాయస్థానాలకు వదిలేసింది.

వెస్ట్‌మినిస్టర్ వాకిలి:
పాతదస్తరం గారు జేమ్స్‌ను మరీ తేలికగా వదిలేశారు. 1604లోనే స్పెయిన్‌తో సంధి కుదిరింది, యుద్ధవ్యయం తగ్గింది, అయినా 1608 నాటికి అప్పు దాదాపు 6 లక్షలకు చేరింది. భార్యాబిడ్డల పరివారాలను పోషించవలసిన భారం ఎలిజబెత్‌కు లేదన్నది నిజమే, కానీ స్కాట్లండు నుంచి వెంట వచ్చినవారికి ఆయన కురిపించిన కానుకలు ఎవరి పద్దులో రాయాలి? 1610లో జేమ్స్ మంత్రి సాల్స్‌బరీ ఒక మంచి ఒప్పందం ప్రతిపాదించాడు. మైనరు వారసుల ఆస్తులపై రాజుకున్న సంరక్షణ హక్కును, కొలువుకు చౌకధరకు సరుకులు సేకరించే హక్కును వదులుకుంటే, పార్లమెంటు ఏటా 2 లక్షల పౌన్లు స్థిరంగా ఇవ్వాలన్నది దాని సారాంశం. ఇరుపక్షాలకూ ఒకరిపై ఒకరికి నమ్మకం లేక అది చెడింది.

ఆ అపనమ్మకానికి కారణం నా దృష్టిలో 1606లో బేట్ అనే వర్తకునిపై నడిచిన వ్యాజ్యం. ఎండుద్రాక్షపై పార్లమెంటు అనుమతి లేని సుంకాన్ని కట్టనన్న ఆ వర్తకునికి వ్యతిరేకంగా, విదేశీ వర్తకంపై సుంకం విధించడం రాజు విశేషాధికారమేనని న్యాయమూర్తులు తీర్పు ఇచ్చారు. రెండేళ్లకే సాల్స్‌బరీ ఆ తీర్పును ఆసరా చేసుకుని ఎన్నో సరుకులపై సుంకాలు పెంచాడు. రేవులలోనే రాజుకు కావలసినంత దొరికితే తమను సమావేశపరిచే అవసరమేముంటుందని సభ్యులు భయపడ్డారు. గుత్తల విషయంలో వారు రాణికి మొరపెట్టుకున్నారు, ఇక్కడ రాజుకు ఆ హక్కే లేదన్నారు. ఈ తేడాను ట్యూడర్ల మీదికి నెట్టలేము.

ఉత్తరాది బాటసారి:
చార్లెస్ కాలంలో కామన్స్ సభ కూడా తక్కువ తినలేదు. స్పెయిన్‌తో యుద్ధం కావాలని గొంతెత్తినవారే, 1625లో కొత్త రాజుకు జీవితకాలానికి ఇచ్చే ఆనవాయితీ ఉన్న రేవు సుంకాలను ఒక్క ఏడాదికే ఇవ్వజూపారు. రాజుకు ప్రీతిపాత్రుడైన మంత్రి బకింగ్‌హామ్ మీద ద్వేషం, స్పెయిన్ రేవు కాడిజ్‌లో ఓటమి దానికి తోడయ్యాయి. తనకు ఇచ్చి తీరాలని అడిగిన బలవంతపు అప్పును ఇవ్వనివారిని చార్లెస్ విచారణ లేకుండా జైలులో పెట్టడం వల్లనే, అలాంటి పనులు చెల్లవంటూ పార్లమెంటు సమర్పించిన పిటిషన్ ఆఫ్ రైట్ 1628లో వచ్చింది.

అయినా డబ్బే అంతటికీ మూలమనడానికి, నౌకాదళం పేరుతో పార్లమెంటు అనుమతి లేకుండా చార్లెస్ వసూలు చేసిన షిప్ మనీ అనే పన్ను అడ్డు వస్తుంది. 1635లో దానిని తీరప్రాంతాల నుంచి దేశమంతటికీ విస్తరిస్తే, కోరిన సుమారు 2 లక్షల పౌన్లలో దాదాపు మొత్తం వసూలైంది. 20 షిల్లింగుల కోసం జాన్ హాంప్డెన్ నడిపిన వ్యాజ్యంలో 1638లో 12 మంది న్యాయమూర్తులలో ఏడుగురు రాజు పక్షమే వహించారు. పార్లమెంటు లేకుండా 1629 నుంచి నెట్టుకొస్తున్న ఆ పాలన కూలడానికి తక్షణ కారణం 1637లో స్కాట్లండుపై రుద్దిన ఇంగ్లండు తరహా ప్రార్థనా పుస్తకం. మతమే లేకపోతే స్కాట్లండుతో యుద్ధమే లేదు, ఆ యుద్ధమే లేకపోతే 1640లో పార్లమెంటును పిలవవలసిన పనీ ఉండేది కాదు.

గ్రంథాలయవాసి:
అందరికీ కృతజ్ఞతలు. సబ్సిడీ ఎగ్గొట్టిన భూస్వాములే షిప్ మనీ మాత్రం దాదాపు పూర్తిగా ఎలా కట్టారన్నది ఇప్పుడు కొత్త సందేహం.

పాతదస్తరం:
రెండు పన్నుల పద్ధతే వేరు. సబ్సిడీలో వ్యక్తి తన విలువను తగ్గించి చెప్పుకుంటే నష్టం ఖజానాది. షిప్ మనీలో కౌంటీకి ఇంత అని ముందే నిర్ణయించి, ఆ మొత్తాన్ని తెచ్చే బాధ్యతను అక్కడి రాజాధికారి అయిన షెరీఫ్ మీద పెట్టారు. అందుచేత ఒకడు తప్పించుకుంటే ఆ భారం పొరుగువాని మీద పడుతుంది, పొరుగువాడు ఊరుకోడు. చార్లెస్‌ను తిట్టిపోసిన పార్లమెంటే 1643 ఫిబ్రవరిలో తన సైన్యం కోసం వారపు పన్ను విధించినప్పుడు, సబ్సిడీని పక్కనపెట్టి, కౌంటీకి ఇంత అన్న ఈ పద్ధతినే తీసుకుంది.