సమస్యాపూరణం: గొంతు నొక్కినవాడె నా కూర్మి హితుడు

ఫేడర్‌వేలు (అనంతపురం)
ఈ వారం సమస్య ఇచ్చే వంతు నాది. తేటగీతి, నాలుగో పాదం ఇస్తున్నా, ముందు మూడు పాదాలూ మీరు రాసి దీనికి అర్థం కుదర్చాలి.

గొంతు నొక్కినవాడె నా కూర్మి హితుడు

షరతు ఒకటే. పూరణ మిక్సర్ (మైకులూ పాటలూ కలిపి స్పీకర్లకి పంపే పెట్టె) దగ్గరే జరగాలి. గెయిన్ (లోపలికి వచ్చే శబ్దం బలం పెట్టే నాబు), ఈక్యూ (పై, మధ్య, కింది శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించేది), ఫేడర్ (చానెల్ మోతని పైకీ కిందికీ జరిపే మీట), టాకోవర్ (మైకులో మాట పడగానే పాట తగ్గించే మీట), మైకు, వీటిలో ఏదో ఒకటి పద్యంలో పని చేయాలి, ఊరికే పేరు తగిలిస్తే ఒప్పుకోను.

ఎందుకీ సమస్య అంటే, పద్నాలుగేళ్లుగా మా అనంతపురం చుట్టుపక్కల పెళ్లిళ్లకూ జాతరలకూ మిక్సర్ ముందు కూర్చుంటున్నాను. 'ఇంకొంచెం పెట్టన్నా' అనే మాట రాత్రికి ముప్పై సార్లన్నా వింటాను. డీజే అంటే పెంచేవాడే అని జనం లెక్క. నేను వాడే పయనీర్ మిక్సర్‌లో ఒక్కో చానెల్‌కి హై, మిడ్, లో అని మూడు ఈక్యూ నాబులుంటాయి. దేన్నైనా పూర్తిగా కుడికి తిప్పితే పెరిగేది 6 డెసిబెల్స్, ఎడమకి తిప్పితే తగ్గేది 26. తయారుచేసినవాళ్లే పెంచడానికి ఇంత చోటు, తగ్గించడానికి అంత చోటు ఇచ్చారంటే చేతికి పని ఏ వైపు ఉందో చూడండి. ఆ ఎడమవైపు మీద మీ పద్యాలు కావాలి నాకు.

కొత్తవాళ్ల కోసం: తేటగీతి పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. గొంతు | నొక్కిన | వాడె నా | కూర్మి | హితుడు. యతి (పాదం మొదటి అక్షరంతో కలిసే అక్షరం) నాలుగో గణం మొదట, గొం–కూ. ప్రాస అక్కర్లేదు.

తుంగభద్ర గట్టు (కర్నూలు)
మొదటి పూరణ నాది. మైకు పట్టుకున్న పాటగాడు అంటున్నాడు:

మైకు కూతలు పెట్టగా మాట మునిగె,
వేగ ట్రెబులును తగ్గించి వెతలు దీర్చె,
పాట వినిపించె; రచ్చకు పాలుపడిన
గొంతు నొక్కినవాడె నా కూర్మి హితుడు.

పెన్న ఇసుక (ప్రొద్దుటూరు)
నడక హాయిగా ఉంది నాయనా. 'రచ్చకు పాలుపడిన గొంతు' అని మూడో పాదం నుంచి నాలుగోదానికి దూకించడం బాగా కుదిరింది, సమస్య అక్కడే విడిపోయింది. 'వేగ' తర్వాత 'ట్రె' సంయుక్తం వచ్చింది కదా, 'గ' గురువు కాదా అని ఎవరైనా అడగొచ్చు. అది వేరే పదం, కాబట్టి తెలుగు పద్ధతిలో 'గ' లఘువే. గణం చెడలేదు.

ఫేడర్‌వేలు
పద్యానికి వంక లేదన్నా, పనికి మాత్రం ఒక వంక ఉంది. మైకు కూత ఎలా పుడుతుందో తెలుసు కదా: స్పీకర్ బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులో దూరి, మళ్లీ బాక్సులోంచి వచ్చి, తిరిగిన ప్రతిసారీ బలం పుంజుకుంటుంది. ఏదో ఒక్క శ్రుతి దగ్గర అది పట్టుకుంటుంది, అందుకే ఈల వేసినట్టు వినిపిస్తుంది. ఆ ఒక్క ఈల కోసం ట్రెబుల్ మొత్తం తీసేస్తే 'శ'కీ 'స'కీ తేడా వినపడదు, ఆ అక్షరాల పదునంతా పైనే ఉంటుంది. మన పద్యాలు మైకులో చదివి చూడండి, తెలిసిపోతుంది. ముందు మైకుని బాక్సు ముందునుంచి తప్పించాలి, తర్వాత మైకు గెయిన్ కొంచెం తగ్గించాలి, ఈక్యూ ఆ తర్వాతే.

తుంగభద్ర గట్టు
'ట్రెబులును' బదులు 'వేగ గెయినును తగ్గించి' అంటే? గెయినును నాలుగు లఘువులే, నలం.

ఫేడర్‌వేలు
అదే ఖాయం చేద్దాం అన్నా. ఇప్పుడు పద్యం విని ఏ ఆపరేటరూ తప్పు పట్టడు.

వేపచెట్టు కింద (కడప)
నాకు పాటే మాట్లాడితే బాగుంటుందనిపించింది. ఒక పాట నడుస్తుండగా రెండో పాట లోపలికి వస్తుంది కదా, ఆ వచ్చే పాట చెప్పే మాట:

రెండు పాటల దరువులు రేగి కలియ
బురదయయ్యెను నాదమ్ము, పూర్వపాట
బేసు తగ్గించి నాకిచ్చె పీట; దాని
గొంతు నొక్కినవాడె నా కూర్మి హితుడు.

మా తమ్ముడు డీజే. వాడి పక్కన కూర్చుని చూసిందే రాశాను. కుడిచేత్తో ఒక 'లో' నాబు ఎడమకి, ఎడమచేత్తో ఇంకొకటి మధ్యకి, రెండూ ఒకే దెబ్బకి తిప్పుతాడు. ఎక్కడ మారిందో పందిట్లో ఎవరికీ తెలియదు.

ఫేడర్‌వేలు
అక్కా, ఇది నిజంగా చూసి రాసిన పద్యం. 'బురద' అన్న మాట మేము మిక్సర్ దగ్గర రోజూ అంటాం. రెండు పాటల డ్రమ్ములూ, బేసూ ఒకేసారి వదిలితే అక్కడ దరువు ఉండదు, గుమగుమలాడే ఒక ముద్ద ఉంటుంది. పైగా ఆంప్లిఫయర్ మీద భారం. బేసుని 6 డెసిబెల్స్ పెంచామంటే ఆ కింది శబ్దానికి నాలుగింతల కరెంటు శక్తి కావాలి. పెళ్లింట్లో వచ్చే జనరేటర్ మీద ఆ నాలుగింతలు ఎక్కడనుంచి తెస్తాం? అందుకే వచ్చేదాన్ని పెంచం, పోయేదాన్ని తగ్గిస్తాం. 'నాకిచ్చె పీట' అన్న మూడు పదాల్లో ఆ పని అంతా ఉంది.

పెన్న ఇసుక
అమ్మా, బే–పీ యతి చక్కగా పడింది, చాలామంది అక్కడ తడబడతారు. ఒక్క దోషం. 'పూర్వపాట' వైరిసమాసం. పూర్వ సంస్కృతం, పాట తెలుగు, ఆ రెండూ అట్లా కలవకూడదు. యతి బు–పూ కోసం అది పెట్టినట్టున్నావు. 'పోవుపాట' అను. బు–పో యతి చెల్లుతుంది, గణాలు మారవు. ఇంకో లాభం, వెళ్లిపోతున్న పాట అని అర్థం వస్తుంది, నువ్వు చెప్పదలిచింది అదే కదా.

వేపచెట్టు కింద
పోవుపాట! సార్, ఆ ఒక్క మాటకి పద్యం వేరే అయిపోయింది. మార్చేశాను.

కొత్త కలం (ఆదోని)
అందరికీ నమస్కారం. ఇది నా రెండో పద్యం, తప్పులుంటే చెప్పండి. స్పీకరు మాట్లాడుతోంది:

ఎర్రలైటులు వెలుగంగ నెగిరె మోత,
చీలి శబ్దము నా గుండె చిరుగునపుడు
గెయిన్ తగ్గించి కాపాడె వీడు వచ్చి
గొంతు నొక్కినవాడె నా కూర్మి హితుడు.

పెన్న ఇసుక
మొదటి రెండు పాదాలూ మెచ్చుకోదగ్గవి. 'వెలుగంగన్' మీద 'ఎగిరె' కలిసి 'నెగిరె' అయింది, యతి ఆ లోపలి ఎ-కారంతో చెల్లుతుంది, తెలిసి వేశావో చెవి చెప్పిందో గానీ సరిగ్గా వేశావు. మూడో పాదంలో రెండు తప్పులు. 'గెయిన్' అని పొల్లుతో రాస్తే 'యిన్' గురువైపోతుంది, లఘువు మీద గురువు, అది సూర్యగణం కాదు. 'గెయిను' అని రాయి, మూడు లఘువులు, నగణం. ఇంగ్లీషు మాట తెలుగు పద్యంలోకి వచ్చేటప్పుడు చివర ఉకారం తెచ్చుకుని రావాలి, మన అవ్వలు బస్సు, కారు, రైలు అన్నట్టే. ఇక గె–వీ యతి లేదు. గె, గి, కె, కి లాంటి అక్షరం కావాలి. వెతుకు, నేను ఇవ్వను.

కొత్త కలం
రెండు గంటలు పట్టింది సార్.

గెయిను తగ్గించి నను గాచె, కేక లణచి
గొంతు నొక్కినవాడె నా కూర్మి హితుడు.

పెన్న ఇసుక
భేష్. గె–కే. మునుపు 'వీడు వచ్చి' ఊరికే పాదం నింపింది, ఇప్పుడు 'కేకలణచి' గొంతుకి దారి వేసింది. గడియారం వేంకట శేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని తిరిగిన ప్రొద్దుటూరు నుంచి చెప్తున్నా, రెండు గంటలు కూర్చున్నావు చూడు, అదే కావాల్సింది.

ఫేడర్‌వేలు
తమ్ముడూ, ఈ పద్యం దగ్గర కొంచెం ఎక్కువ రాస్తాను, ఓర్చుకో. 'చీలి శబ్దము' అన్నావే, సరిగ్గా అదే జరుగుతుంది. శబ్దం అల లాగా లేచి దిగుతుంది. మిక్సర్ మోయగలిగినంత ఎత్తు దాటితే ఆ అల నెత్తి తెగిపోతుంది, గుండ్రంగా ఉండాల్సింది గోడలాగా చదునైపోతుంది. దాన్నే క్లిప్ అంటాం, ఎర్ర లైటు చెప్పేది అదే. అక్కడ పుట్టే గరుకు శబ్దం పైకి పోయి ట్వీటర్ల (సన్నని పై శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు) మీద పడుతుంది, వాటి తీగ వెంట్రుకంత సన్నం, వేడెక్కి తెగిపోతుంది.

నాలుగేళ్ల కింద కర్నూల్లో వినాయక నిమజ్జనానికి పోయాను. కె.సి. కాల్వ వినాయక్ ఘాట్ వైపు బండ్లన్నీ వరసగా పోతున్నాయి. నేను నీళ్లు తాగడానికి దిగిన రెండు నిమిషాల్లో ఎవరో కుర్రవాడు గెయిన్ చివరికంటా తిప్పాడు. నేను తిరిగొచ్చి కంగారులో మాస్టర్ (చివర మొత్తం మోతని పెంచి తగ్గించే నాబు) తగ్గించాను. మోత తగ్గింది, చిరుగు అట్లాగే ఉంది. గెయిన్ దగ్గరే నెత్తి తెగిన శబ్దానికి కింద మాస్టర్‌లో ఎంత తగ్గించినా తెగిన ముక్క తిరిగి రాదు. ఆ సంగతి తెలిసి కూడా చెయ్యి తప్పుడు చోటికి పోయింది. రెండు ట్వీటర్లు పోయాయి. ఆ రాత్రి నుంచి నా చెయ్యి ముందు పైనున్న గెయిన్ దగ్గరికే పోతుంది. పాటలో అన్నిటికన్నా గట్టిగా ఉండే చోటు పెట్టి, ఈక్యూ నాబులన్నీ మధ్యలో ఉంచి, మీటర్ చూస్తూ గెయిన్ పెట్టుకుంటాను, అప్పటిదాకా ఫేడర్ ముట్టను. నీ పద్యంలో మాస్టర్ అని రాయకుండా గెయిన్ అని రాశావు, నాకు ఎందుకంత నచ్చిందో ఇప్పుడు అర్థమైందా.

తుంగభద్ర గట్టు
ఆ ఘాట్ పక్క వీధిలోనే మా ఇల్లు. ఇంట్లో ఉన్నవాళ్ల తరఫున ఇంకొకటి:

రేయి పదిదాటె, పసిపాప రెప్ప తెరచె,
మందు గోలీలు మింగిన మామ మూల్గె;
పక్కవీధికి పరుగెత్తి బాక్సు మోత
గొంతు నొక్కినవాడె నా కూర్మి హితుడు.

వేపచెట్టు కింద
'మందు గోలీలు మింగిన మామ' కళ్లకు కట్టింది అన్నా. మా ఇంట్లోనూ ఒకరున్నారు.

పెన్న ఇసుక
ఛందస్సు నిర్దుష్టం. అయితే ఇందులో మిక్సర్ ఎక్కడుంది? షరతు ప్రకారం ఒక మీటో నాబో ఉండాలి.

ఫేడర్‌వేలు
సార్ అన్నది నిజమే, షరతుకి అందదు. అయినా ఉంచుదామంటాను, వినేవాడి పక్షం ఒకటన్నా ఉండాలి. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. పండగలకి రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా 12 గంటల దాకా సడలింపు ఇవ్వొచ్చు, అంతే. ఇంకో సంగతి, పక్కవీధికి వచ్చేది పాట కాదన్నా, బేసు. పై శబ్దాలు గోడకి ఆగిపోతాయి, కిందివి గోడలు దాటి మంచం కోళ్ల దాకా వస్తాయి. పదికి ముందు కూడా 'లో' ఒక్కటి ఎడమకి తిప్పితే పందిట్లో పాట నడుస్తూనే ఉంటుంది, పక్కింట్లో ఊపిరాడుతుంది. ఈసారి మీ వీధికి వచ్చినప్పుడు మామకి నా మాటగా చెప్పండి.

వేపచెట్టు కింద
ఇంకొకటి రాశాను. పెళ్లికూతురు మాట్లాడుతోంది. టాకోవర్ మీట వేసి ఉంచితే మైకులో మాట పడగానే పాట దానంతటదే తగ్గుతుంది కదా, దాని మీద:

అవ్వ దీవెన లీయంగ నడ్డుపడిన
పాట తగ్గెను తానుగా, పలుకు నిలిచె;
పెండ్లిపందిట మీట తా వేసి దాని
గొంతు నొక్కినవాడె నా కూర్మి హితుడు.

పెన్న ఇసుక
ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు ఇదే మొదటిది. పె–వే యతి కూడా సరే, పవర్గానికి వకారం చెల్లుతుంది. 'పలుకు నిలిచె' అంటే ఆగిపోయిందనీ రావొచ్చు, నిలబడిందనీ రావొచ్చు, ముందు 'పాట తగ్గెను' ఉంది గనుక రెండోదే తీసుకుంటాం. మార్చొద్దు.

కొత్త కలం
ఫేడర్‌వేలు అన్నా, మీ పూరణ ఏది?

ఫేడర్‌వేలు
ఇస్తా. గుత్తి పక్కన ఒక ఊళ్లో రామ భజన. పాడే పెద్దాయనకి డెబ్బై దాటాయి, గొంతు సన్నగా, తీగలా ఉంది. చుట్టూ డప్పు, డోలకి, తాళాలు, అన్నిటికీ మైకులు. నేనప్పుడు కొత్త, పెద్దాయన ఫేడర్ పైకి తోస్తున్నా, కూత వస్తోంది, దించుతున్నా, మళ్లీ తోస్తున్నా. నాకు పని నేర్పిన ఆయన వెనకనుంచి వచ్చి ఏమీ అనలేదు. నా చెయ్యి పక్కకి జరిపి, మిగతా ఫేడర్లన్నీ గోరు వెడల్పు కిందికి లాగాడు, ఒక్కొక్కటీ, వరసగా. పెద్దాయనది ముట్టనే లేదు. రెండు నిమిషాల తర్వాత వెనక వరసలో కూర్చున్న ఆడవాళ్లు ఆయన పాట అందుకున్నారు. పెద్దాయన పాడుతూనే తల తిప్పి మావైపు ఒకసారి చూశాడు. ఆయన తరఫున:

డప్పు డోలకి తాళాల డాబు నడుమ
ముసలి గొంతుక నాది, తా మునిగిపోవ,
నన్ను పెంచక, వాద్యాల నయముతోడ
గొంతు నొక్కినవాడె నా కూర్మి హితుడు.

పెన్న ఇసుక
'నయముతోడ గొంతు నొక్కుట'. దీని మీద విమర్శ లేదు నాయనా. వచ్చేవారం సమస్య కూడా నువ్వే ఇవ్వు.

ఫేడర్‌వేలు
అయితే ఇదిగో, ఇదీ తేటగీతి నాలుగో పాదమే:

చెవులు మూసినవాడె పో చెవిని బెట్టె

ఫేడర్ కిందే ఉండగా క్యూ బటన్ నొక్కితే పాట ఎక్కడ వినిపిస్తుందో తెలియనివాళ్లు, ఈ ఆదివారం ఏ పెళ్లికైనా పోయి హెడ్‌ఫోన్ పెట్టుకున్న వాడి పక్కన ఒక పాటసేపు నిలబడి రండి. గడువు శనివారం రాత్రి.