మూడు సర్వర్లు కలిపి ఒకే పూల్‌గా వాడుకోవడం ఎలా?

ల్యాబ్ అడ్మిన్:
మా కాలేజీలో మూడు ర్యాక్ సర్వర్లున్నాయండి, ఒక్కోదాంట్లో 128 జీబీ ర్యామ్, 4 టీబీ ఎస్ఎస్‌డీలు నాలుగేసి. ఒకటి మూడిల్‌కి (ఆన్‌లైన్ క్లాసులు, పరీక్షల సాఫ్ట్‌వేర్), ఒకటి ఈఆర్‌పీకి (కాలేజీ ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్), ఇంకోటి పిల్లల ల్యాబ్ వీఎంలకి (వర్చువల్ మెషీన్లు, అంటే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు). ఆన్‌లైన్ పరీక్షలప్పుడు మూడిల్ సర్వర్ కొట్టుకుంటుంటే పక్కదేమో ఖాళీగా కూర్చుంటోంది, చూస్తే బాధేస్తోంది. ప్రాక్స్‌మాక్స్ (వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్), సెఫ్ (అన్ని సర్వర్ల డిస్కుల్నీ ఒకే స్టోరేజ్‌గా కలిపేది) వేసి అన్నీ కలిపేస్తే 384 జీబీ ర్యామ్, 48 టీబీ ఒకే చోట వస్తాయి కదా? స్విచ్ 1 గిగాబిట్‌దే ఉంది, కొత్తది కొనడానికి డబ్బులివ్వరు.

నైట్ షిఫ్ట్:
అలా రావు బ్రదర్, ముందు ఆ లెక్క సరి చేసుకో. ర్యామ్ కలవదు, ఏ వీఎం అయినా ఏదో ఒక సర్వర్ మీదే నడవాలి, కాబట్టి 200 జీబీ వీఎం పెట్టలేవు, పూల్ అంటే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి వీఎంని ఆపకుండానే జరుపుకోగలగడం. స్టోరేజ్ నిజంగానే కలుస్తుంది కానీ సెఫ్ ప్రతి డేటాకీ మూడు కాపీలు పెడుతుంది, అంటే 48 కాస్తా 16, అందులోనూ 85 శాతం నిండగానే వార్నింగ్ మొదలవుతుంది కాబట్టి 13 టీబీ చిల్లర అనుకో. ఒక సర్వర్ పోతే దాని వీఎంలు మిగతా రెండిటి మీదకి రావాలిగా, పైగా ప్రతి డిస్క్‌కీ సెఫ్ డీఫాల్ట్‌గా 4 జీబీ ర్యామ్ తీసుకుంటుంది, అవన్నీ తీసేస్తే అన్ని వీఎంలకీ కలిపి 200 జీబీ దాటకుండా చూసుకో. రెయిడ్ కార్డ్ (డిస్కుల్ని తనే కలిపి చూపించే కార్డ్) ఉంటే హెచ్‌బీఏ మోడ్‌లో, అంటే ఒక్కో డిస్క్ విడిగా కనిపించేలా పెట్టు, రెయిడ్ మీద సెఫ్ వద్దు.

వైర్ల మనిషి:
1 గిగాబిట్ మీద మాత్రం సెఫ్ పెట్టకండి దయచేసి. మేం ఒకే లైన్ మీద సెఫ్, కోరోసింక్ (సర్వర్లు బతికే ఉన్నామని ఒకదానికొకటి చెప్పుకునే ప్రోగ్రాం), బ్యాకప్ అన్నీ పెట్టాం, రాత్రి 2 గంటలకి బ్యాకప్ మొదలయ్యేసరికి కోరోసింక్ ప్యాకెట్లు ఆలస్యమై నోడ్‌లకి, అంటే సర్వర్లకి ఒకదాని మాట ఇంకోదానికి అందలేదు, హెచ్ఏ (ఒక సర్వర్ పోతే దాని వీఎంల్ని వేరేదాని మీద మొదలుపెట్టే ఏర్పాటు) ఆన్‌లో ఉండటంతో వాచ్‌డాగ్ అనే కాపలా టైమర్ మూడిట్నీ రీబూట్ చేసేసింది. తెల్లారేదాకా నిద్ర లేదు.
మీకు మూడే నోడ్‌లు కాబట్టి 10 గిగాబిట్ స్విచ్ అక్కర్లేదు. ఒక్కో సర్వర్‌కి రెండు పోర్ట్‌ల పాత 10 గిగాబిట్ కార్డ్ వేసి మూడు డాక్ కేబుళ్లతో (రెండు కార్డుల్ని నేరుగా కలిపే రాగి కేబుళ్లు) ప్రతి సర్వర్‌నీ మిగతా రెండిటికీ నేరుగా కలిపేయండి, ఆ లైన్ సెఫ్‌కి మాత్రమే. ఇప్పుడున్న స్విచ్‌లో ఒక్కో సర్వర్‌కి ఒక పోర్ట్ కోరోసింక్‌కి విడిగా ఇచ్చేయండి, దానికి స్పీడ్ అక్కర్లేదు, ఆలస్యం లేకపోతే చాలు.

ల్యాబ్ అడ్మిన్:
చాలా థాంక్సండి, ఆ కేబుళ్ల పద్ధతి నాకు తట్టనే లేదు. ఇంకొక్కటి, ప్రాక్స్‌మాక్స్‌లో పూల్ అని ఆప్షన్ ఉంది, పిల్లల వీఎంలు అందులో పడేస్తే ఇంత ర్యామ్ దాటకూడదు అని కట్టేయొచ్చా?

నైట్ షిఫ్ట్:
లేదు, అందరూ అక్కడే పొరపడతారు. వీఎంవేర్‌లో (ప్రాక్స్‌మాక్స్ లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్) రిసోర్స్ పూల్‌కి రిజర్వేషన్ (కనీసం ఇంత), లిమిట్ (ఇంతకి మించకుండా), షేర్స్ (పోటీలో వాటా) ఉంటాయి, ఇక్కడి పూల్ ఎవరికి ఏ వీఎం మీద పర్మిషన్ ఇవ్వాలో గుంపు కట్టుకోడానికే. నువ్వు ల్యాబ్ వీఎంలకి ఒక్కోదానికి సీపీయూ లిమిట్ పెట్టు, మూడిల్‌కి సీపీయూ యూనిట్స్ 400 ఇచ్చి మిగతావి 100లో వదిలేయి, కోర్ల కోసం పోటీ వచ్చినప్పుడు దానికి మిగతా ఒక్కో వీఎం కంటే నాలుగింతల వాటా దొరుకుతుంది. పిల్లలవీ ఈఆర్‌పీవీ వేరే వీల్యాన్‌లలో (ఒకే వైరు మీద విడివిడిగా ఉండే నెట్‌వర్క్‌లు) పెట్టడం మర్చిపోకు, బ్రిడ్జ్‌లో (ప్రాక్స్‌మాక్స్ లోపలి నెట్‌వర్క్ స్విచ్) వీల్యాన్ అవేర్ టిక్ చేసి, ఒక్కో వీఎం నెట్‌వర్క్ కార్డ్‌కి దాని వీల్యాన్ ట్యాగ్ నంబర్ ఇవ్వు, బయటి స్విచ్ పోర్ట్‌లో కూడా ఆ వీల్యాన్‌లు అనుమతించాలి. సర్వర్ల ప్రాసెసర్లు వేర్వేరు తరాలవైతే వీఎంకి సీపీయూ టైప్ హోస్ట్ (ఆ సర్వర్ ప్రాసెసర్‌నే యథాతథంగా చూపించడం) అని పెట్టకు, ఆపకుండా ఇంకో సర్వర్‌కి జరిపినప్పుడు (మైగ్రేషన్) వీఎం క్రాష్ అవ్వొచ్చు.