బాగ్డీ భాష: హిందీ వచ్చినా సగం అర్థం కావట్లేదు, ముందు ఏం పట్టుకోవాలి?

నడిగడ్డ:
పత్తి విత్తనాల పని మీద హనుమాన్‌గఢ్, సిర్సా, అబోహర్ వైపు ఒక సీజనంతా తిరగాలి. హిందీ బాగానే వచ్చు. కానీ అక్కడి రైతులు వాళ్లలో వాళ్లు బాగ్డీలో మాట్లాడుకుంటే సగం చేజారిపోతోంది. ఇది రాజస్థానీనా, హర్యాన్వీనా? పలకడంలో, వ్యాకరణంలో మనవాళ్లు ఎక్కడ తప్పులో కాలేస్తారు?

చేనుగట్టు:
హర్యాన్వీ కొంచెం నేర్చుకోండి, సరిపోతుంది. రెండూ ఒకటే.

ళకారం:
ఒకటి కాదండీ. కలిసే మాటలు చాలానే ఉన్నా బాగ్డీ రాజస్థానీ కుటుంబానిదే. రాజస్థాన్‌లో శ్రీగంగానగర్, హనుమాన్‌గఢ్ దాని నడిబొడ్డు. అటు హర్యానాలో సిర్సా, ఫతేహాబాద్, ఇటు పంజాబ్‌లో అబోహర్, ఫాజిల్కా దాకా పాకింది.

మనకు పుట్టుకతో వచ్చిన లాభాలు రెండున్నాయి. మొదటిది ళ. హిందీవాళ్లకు లేదు, బాగ్డీకి ఉంది, అర్థమూ మారుస్తుంది. 'గాల్' అంటే చెంప, 'గాళ్' అంటే తిట్టు. 'కాల్' నిన్న లేదా రేపు, 'కాళ్' కరువు. హిందీ అలవాటులో ల అనేశారో, కరువు మాట కాస్తా రేపటి మాట అవుతుంది. రెండోది మేము, మనం తేడా. 'మ్హే' అంటే మిమ్మల్ని వదిలేసి మేము, 'ఆపాం' అంటే మీతో కలిపి మనం. హిందీ 'హమ్' దగ్గర ఈ సౌకర్యం లేదు.

ఇక ఇబ్బంది పెట్టేవి. 'నై' చూడండి. పని చేసినవాడికి తగిలే హిందీ 'నే' అనుకుంటే వాక్యం తలకిందులవుతుంది. 'రామ్ నై రోటీ దే' అంటే రాముడికి రొట్టె ఇవ్వమని. అంటే ఇది మన 'కి'. పలికేటప్పుడు నయ్ అనకండి, బ్యాంకు అన్నప్పుడు వచ్చే ఆ వెడల్పు అచ్చు పెట్టండి. 'యొక్క' అనే అర్థంలో హిందీ కా, కే, కీ బదులు గో, గా, గీ వస్తాయి. మార్వాడీలో అయితే రో, రా, రీ. పక్క ఊరివాడు బాగ్డీయా మార్వాడీయా అన్నది ఈ ఒక్క అక్షరంతో తేలిపోతుంది.

క్రియల్లో రెండు ఉచ్చులు. 'మైం జాఊం హూం' అంటే వెళ్తున్నాను, వెళ్తాను అని. హిందీ చెవికి 'వెళ్లనా?' అని అడిగినట్టు ఉంటుంది. 'బో ఖేత్ మేం హో' అంటే అతను పొలంలో ఉన్నాడని కాదు, ఉండేవాడని. హిందీ 'థా' స్థానంలో హో, హీ, హా వస్తాయి. జరగబోయేదానికి 'సీ' తగులుతుంది. 'మేహ్ ఆసీ' అంటే వాన వస్తుంది.

కాదు, లేదు అనడానికి 'కోనీ'. అందరి నోటా వినేది 'మన్నై బేరో కోనీ', నాకు తెలీదు. మనలాగే 'నాకు' అనే మొదలెడతారు చూడండి.

స్థాయిభేదం:
పై జవాబులో స్వరస్థాయి (పలికేటప్పుడు గొంతు ఎక్కడం, దిగడం) గురించి లేదు, అది చేరుస్తాను. బాగ్డీలో మాట అర్థాన్ని మార్చే స్థాయిలు మూడు: కింది, మధ్య, పై. పంజాబీలో 'ఘోడా' అన్నది ఊపిరి ఒత్తు పోయి కింది స్థాయిలో 'కోడా'లా వినిపిస్తుంది కదా, అలాంటి అలవాటున్న ఇరుగుపొరుగు ఇది. రాతలో స్థాయి కనపడదు, దేవనాగరిలో రాసింది చదివి నేర్చుకుంటే ఇది రాదు. ఒకే మాటను మనిషి చేత మూడుసార్లు అనిపించుకుని, అచ్చు దగ్గర గొంతు ఎక్కుతోందా దిగుతోందా వినండి. ఇంకొకటి, మాట చివర ఉకారం తగిలించడం మన జబ్బు. 'ఖేత్'ను ఖేతు అనొద్దు. ఓకారాంతాలు మాత్రం హాయిగా పలకండి: ఛోరో (అబ్బాయి), బాజరో (సజ్జ), నర్మో (అమెరికన్ పత్తి). బహువచనంలో ఓ పోయి ఆ వస్తుంది, ఛోరా.

ఎడారిగాలి:
లెక్కలు చూసి కంగారు పడకండి. 2001 జనగణనలో బాగ్డీ అని రాయించుకున్నవాళ్లు 14.34 లక్షలు, 2011లో 2.34 లక్షలు. పదేళ్లలో భాష చావలేదు, పేరు మారింది. అదే పదేళ్లలో రాజస్థానీ అని చెప్పినవాళ్లు 1.83 కోట్ల నుంచి 2.58 కోట్లకు పెరిగారు. రెండూ హిందీ పద్దు కిందే వేస్తారు. మన తండాల లంబాడీదీ అక్కడ ఇదే గతి.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. దక్షిణ రాజస్థాన్‌లో డూంగర్‌పూర్, బాంస్వాడా వైపు మాట్లాడే వాగ్డీ వేరే, అది భీలీ భాష. పేర్లు కలిసిపోయి తప్పు పాఠాలు దొరుకుతాయి. భాషలకిచ్చే అంతర్జాతీయ కోడ్‌లలో బాగ్డీది బీజీక్యూ (bgq), దాంతో వెతకండి.

నడిగడ్డ:
చాలా ఉపయోగం. పెద్దవాళ్లను ఎలా పిలవాలి? 'ముర్బ్బా' అని ఊరికే అంటున్నారు, అదేంటి?

ళకారం:
'థే' వాడండి, అది మన 'మీరు'. 'థే కఠై జాఓ హో?' అంటే మీరు ఎక్కడికి వెళ్తున్నారు. 'తూం' దగ్గరివాళ్లకు. కలవగానే 'రామ్ రామ్ సా'. నీళ్ల వంతు గురించి అయితే 'పాణీ గీ బారీ కద్ హై?' అని అడగండి, కాలువ కింద ఊళ్లలో మాట మొదలయ్యేది అక్కడే.

గంగానగర్, హనుమాన్‌గఢ్ కాలువల కింద ముర్బ్బా అంటే 25 బీఘాలు. అక్కడి బీఘా 165 అడుగులకు 165 అడుగులు, మన లెక్కలో (ఎకరానికి 40 గుంటలు) సరిగ్గా 25 గుంటలు. కాబట్టి ముర్బ్బా 15 ఎకరాల 25 గుంటలు. అబోహర్ వైపు మాత్రం ముర్బ్బా అంటే 25 కిల్లాలు, కిల్లా అంటే ఎకరం. విత్తనం ప్యాకెట్ల లెక్క చెప్పేముందు అది బీఘాల ముర్బ్బానా, కిల్లాల ముర్బ్బానా అని అడిగి తీరాలి.