అప్‌డేట్: డీజిల్ ఎస్‌యూవీ మైలేజీ ఎందుకు పడిపోయిందో తేలింది

అనంతపురం-కర్నూలు హైవేలో లీటరుకు 15 కి.మీ. దాకా ఇచ్చే మా డీజిల్ ఎస్‌యూవీ 10కి పడిపోయిందని ఇక్కడే అడిగాను. కారణం దొరికింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"బండి ఆపగానే నాలుగు చక్రాల వేడి చూడండి" అన్నారు ఒకరు. అదే పనిచేసింది. గుత్తి దాటాక టీ కొట్టు దగ్గర ఆపి, ఏదీ తాకకుండా చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాను. ముందు ఎడమ చక్రం దగ్గర మాత్రం సెగ కొడుతోంది, కాలిన వాసన కూడా. అలా ఉంటే నడపొద్దు, వెంటనే చూపించండి. బ్రేకుతో పని కదా!

మెకానిక్ జాకీతో ఎత్తి తిప్పితే ఆ చక్రం అర చుట్టు కూడా తిరగలేదు. కాలిపర్ (చక్రంతో పాటు తిరిగే డిస్కుకు బ్రేకు ప్యాడ్‌లను నొక్కే భాగం) పిన్నుల రబ్బరు చిరిగి, నీళ్లు, దుమ్ము లోపలికి పోయి తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. దాంతో పెడల్ వదిలినా ప్యాడ్ డిస్కును పట్టుకునే ఉంది. లోపలి ప్యాడ్ రేకు దాకా అరిగింది, బయటిది ఇంకా సగం ఉంది. పిన్నులు, రబ్బర్లు, ముందు రెండు వైపులా ప్యాడ్‌లు మార్చారు. మళ్లీ 14-15 వస్తోంది.

ఇంజెక్టర్లు, ఎయిర్ ఫిల్టర్, టైర్లలో గాలి అన్నీ బాగానే ఉన్నాయి. బంకు మార్చినా తేడా రాలేదు. పైన క్యారియర్ తీసేయమన్న సలహా మాత్రం మంచిదే. ఇంత ఎత్తు బండికి వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది కాబట్టి, ఖాళీ క్యారియర్ మళ్లీ బిగించలేదు.