‘విసర్జన’ అనే మాటకు హద్దు ఎక్కడ?

పాఠం రాస్తున్నవారు:
హైస్కూలు పిల్లల కోసం శరీర ధర్మాల మీద తెలుగులో పాఠాలు రాస్తున్నాను. ‘విసర్జన’ దగ్గర పని ఆగిపోయింది. మలవిసర్జన, మూత్రవిసర్జన అని రెంటికీ ఒకే మాట వాడుతున్నాం కదా. దాంతో విసర్జక వ్యవస్థ బొమ్మ వేయమంటే పిల్లలు పేగులు, మలద్వారం వేస్తున్నారు. శాస్త్రంలోనేమో విసర్జన అంటే ముందు మూత్రపిండాలు. ఎక్స్‌క్రీషన్‌కి వేరే మాట వెతకాలా, ఉన్నదాన్నే సరిగ్గా వాడుకోవాలా? తెలిసినవారు చెప్పండి.

జీవశాస్త్రం అధ్యాపకురాలు:
మాట మార్చకండి. అది మంచి మాట. దాని అర్థం ఎక్కడ మొదలవుతుందో పిల్లలకు చెబితే చాలు.

నోటి నుంచి మలద్వారం దాకా ఉన్న గొట్టంలో ఏదైనా ఉందంటే, అది పేగు గోడ దాటేదాకా శరీరంలోకి వచ్చినట్టు కాదు. అరగని పీచు ఆ గోడ దాటలేదు, ఏ కణానికీ అందలేదు. వచ్చిన దారినే ముందుకు సాగి బయటపడింది. యూరియా కథ వేరు. ప్రోటీన్లు విడిపోతే అమైనో ఆమ్లాల నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం, ముఖ్యంగా మెదడుకు. కాలేయం దాన్ని కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి యూరియాగా మారుస్తుంది. ఈ చక్రాన్ని 1932లో క్రెబ్స్, హెన్సెలైట్ అనే ఇద్దరు విడమరిచి చెప్పారు. ఆ యూరియా రక్తంలో తిరిగి మూత్రపిండాలకు చేరుతుంది. కండరాల నుంచి వచ్చే క్రియాటినిన్, డీఎన్ఏ లాంటివాటిలో ఉండే ప్యూరిన్ల నుంచి వచ్చే యూరిక్ ఆమ్లం కూడా ఇదే దారి పడతాయి. కణాల్లో జరిగే పని వల్ల పుట్టి, రక్తంలోకి వచ్చి, అక్కడి నుంచి బయటికి పోతే అది విసర్జన. అలా చూస్తే ఊపిరితిత్తులు కూడా విసర్జకాంగాలే. ఊరికే కూర్చున్నా నిమిషానికి సుమారు 200 మి.లీ. కార్బన్ డయాక్సైడ్ వదులుతాం. పిల్లల బొమ్మల్లో ఊపిరితిత్తులు ఎప్పుడూ కనబడవు, అది నాకు బాధగా ఉంటుంది.

సంస్కృతం చదువుకున్నవారు:
‘సృజ్’ ధాతువుకు ‘వి’ ఉపసర్గ చేరి విసర్జన అయింది. వదిలిపెట్టడం అని అర్థం. సృష్టి, విసర్గ కూడా ఈ ధాతువు పిల్లలే. ఎక్స్‌క్రీషన్‌కి లాటిన్‌లో మూలార్థం జల్లించి వేరుచేయడం. కాబట్టి శాస్త్రార్థానికి ‘వడపోత’ లాంటి మాట ఇంకా దగ్గర కాదా, మేడమ్ గారూ?

జీవశాస్త్రం అధ్యాపకురాలు:
మొదట నాకూ అలాగే అనిపించేది మాస్టారూ. మూత్రపిండం పని తీరు చూశాక వదిలిపెట్టడమే సరైన మాట అంటాను.

వడపోత అనగానే చెత్త ఒకవైపు, మంచి ఒకవైపు అనుకుంటాం. మూత్రపిండం అలా ఏరదు. ఒక్కో మూత్రపిండంలో నెఫ్రాన్లు అనే సన్నని నాళికలు దాదాపు 10 లక్షలు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నని రక్తనాళాల కుచ్చు ఒకటి, దాని చుట్టూ భౌమన్ గుళిక. అక్కడ రక్తపీడనానికి నీరు, లవణాలు, గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, యూరియా, అంటే చిన్న అణువులన్నీ గుళికలోకి దిగిపోతాయి. రక్తకణాలు, పెద్ద ప్రోటీన్లు మాత్రం రక్తంలోనే ఉండిపోతాయి. ఇలా దిగేది రోజుకు సుమారు 180 లీటర్లు! ఒంట్లో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, ఉండేదే 3 లీటర్లు. అంటే అదే ప్లాస్మా రోజుకు 60 సార్లు ఈ దారిన వెళ్తుందన్నమాట.

అసలు తెలివి ఆ తర్వాత ఉంది. నాళికల వెంట ప్రయాణంలో కావలసినవన్నీ మళ్లీ రక్తంలోకి చేరతాయి. గ్లూకోజ్ మామూలుగా చుక్క కూడా పోదు. రక్తంలో అది డెసిలీటరుకు 180 మి.గ్రా. దాటితే వెనక్కి తీసుకునే శక్తి చాలక మూత్రంలో కనిపించడం మొదలవుతుంది. నీరు 99 శాతం వెనక్కే వస్తుంది. చివరికి మిగిలేది ఒకటి రెండు లీటర్లు. బీరువా సర్దాలంటే బట్టలన్నీ బయట పడేసి, కావలసినవే తిరిగి లోపల పెట్టుకుంటాం చూడండి, మూత్రపిండం చేసేది అదే. ఈ పద్ధతిలో ఓ గొప్ప వీలుంది. ఒంట్లోకి కొత్తగా ఏ పదార్థం వచ్చినా, అది చెడ్డదని ముందే గుర్తుపట్టే పని లేదు. చిన్న అణువై, ప్రోటీన్లను అంటుకోకుండా ఉంటే బయటికి దిగుతుంది. తిరిగి రానిచ్చే ఏర్పాటు లేకపోతే అలాగే పోతుంది. ముందు వదిలేయడం, తర్వాత ఎంచుకోవడం. అందుకే నా ఓటు విసర్జనకే.

సంస్కృతం చదువుకున్నవారు:
ఒప్పుకుంటున్నాను. బడి పుస్తకాల్లోని ‘హెన్లీ శిక్యం’ గురించి కూడా ఒక ముక్క. శిక్యం అంటే ఉట్టి. నెఫ్రాన్ నాళిక కిందికి దిగి, వంపు తిరిగి, పైకి వచ్చే ఆ ఆకారానికి ఎవరు ఎంచారో గానీ ఎంత చక్కటి పేరు! పిల్లలకు ఉట్టి అని చెబితే మళ్లీ మరచిపోరు.

డయాలిసిస్ విభాగంలో నర్సు:
మా దగ్గర రోజూ ఇబ్బంది పెట్టే మాట ‘మూత్రనాళం’. పుస్తకంలో అది మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వచ్చే గొట్టం, రెండుంటాయి. మూత్రాశయం నుంచి బయటికి వచ్చేది ప్రసేకం. మాట్లాడేటప్పుడు రెంటినీ మూత్రనాళం అనేస్తారు. రాయి ఎక్కడుంది, మంట ఎక్కడుంది అన్నది దీనితో తారుమారవుతుంది. పాఠంలో ఈ రెండూ కచ్చితంగా విడిగా చెప్పండి. ప్రసేకం కొరుకుడుపడని మాటే, అయినా వేరే దారి లేదు.

సంస్కృతం చదువుకున్నవారు:
మొదటి ప్రశ్నకు వస్తే, మలాన్ని విసర్జన నుంచి పూర్తిగా తీసేయడం కూడా నాకు నచ్చడం లేదు. ఆయుర్వేదంలో పురీషం (పేగుల నుంచి వచ్చేది), మూత్రం, స్వేదం (చెమట) మూడూ మలాలే. మలం అంటే ఒక్క పురీషమే అన్నది ఇప్పటి వాడుక. పాతవాళ్ల లెక్క అంత తప్పా?

జీవశాస్త్రం అధ్యాపకురాలు:
మంచి చోట పట్టుకున్నారు. మలంలో విసర్జన కొంత ఉంది, దాని రంగే సాక్ష్యం. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అది విరిగినప్పుడు దానికి ఎరుపునిచ్చే హీమ్ నుంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వస్తుంది. కాలేయం దాన్ని పైత్యరసంలో కలిపి పేగులోకి పంపుతుంది. అక్కడి బ్యాక్టీరియా మార్పుల తర్వాత స్టెర్కోబిలిన్ అవుతుంది. మలానికి గోధుమ రంగు దానివల్లే. ఇది పక్కా విసర్జన. పైత్యరసం దారి మూసుకుపోతే ఆ రంగు రక్తంలో నిలిచి కళ్లు పచ్చబడతాయి, మలం తెల్లగా పాలిపోతుంది. కాబట్టి మలవిసర్జన అనే మాట ఉండనివ్వండి. అందులో ఎక్కువ భాగం అరగని తిండి, నీరు, బ్యాక్టీరియా అని, విసర్జన పదార్థం కొద్దిగానే అని ఒక వాక్యం చేర్చండి.

చెమటను మాత్రం విసర్జన పట్టికలో పైన పెట్టొద్దు. అందులో యూరియా కొంచెం ఉంటుంది, అంతే. దాని పని ఒంటిని చల్లబరచడం. చెమట పట్టిస్తే ఒంట్లోని విషాలన్నీ పోతాయన్న ప్రచారం నమ్మి నీళ్లు తాగకుండా కూర్చునేవాళ్లున్నారు. దానివల్ల మూత్రపిండాల మీదే భారం పడుతుంది.

పాఠం రాస్తున్నవారు:
అందరికీ ధన్యవాదాలు. ఇలా రాశాను: “కణాల్లో జీవక్రియల వల్ల ఏర్పడిన వ్యర్థ పదార్థాలను రక్తం నుంచి వేరుచేసి శరీరం బయటికి పంపడమే విసర్జన.” సరిపోతుందా?

డయాలిసిస్ విభాగంలో నర్సు:
‘వ్యర్థ’ దగ్గర ఆగండి సార్. నీరు వ్యర్థం కాదు, పొటాషియం వ్యర్థం కాదు. రెండూ లేకపోతే బతకలేం. మూత్రపిండాలు పాడైనవారికి మొదట ప్రాణం మీదికి తెచ్చేవి చాలాసార్లు అవే. పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, నీరు పేరుకుంటే ఊపిరాడదు. డయాలిసిస్‌కి వచ్చినవారిని ముందు బరువు చూస్తాం, ఎంత నీరు తీయాలన్నది దాన్నిబట్టే. వాళ్లు “రక్తం శుభ్రం చేయించుకోవడానికి వచ్చాం” అంటారు, అది సగమే. “వ్యర్థ పదార్థాలను, అవసరానికి మించిన నీటిని, లవణాలను” అని రాయండి.

పాఠం రాస్తున్నవారు:
మార్చాను సిస్టర్. బొమ్మలో ఊపిరితిత్తులు కూడా వేయిస్తున్నాను.