మా బాల్ పైథాన్ (చిన్న రకం కొండచిలువ) ఊపిరి తీసుకుంటుంటే ఈల చప్పుడు, ఏం చేయాలి?

మేం డాలస్‌లో ఉంటాం అండీ. మా అబ్బాయి రెండేళ్లుగా బాల్ పైథాన్‌ని పెంచుతున్నాడు (మా అమ్మకి ఇంకా చెప్పలేదు, తెలిస్తే మా ఇంటికే రాదు). పోయిన వారం కరెంటు పోయి పాము ఉండే గాజు ట్యాంకు రాత్రంతా చల్లబడింది. మూడు రోజులుగా ఊపిరి తీసుకుంటుంటే సన్నగా ఈల, నోటి చివర జిగురు బుడగలు. తల పైకెత్తి నోరు తెరుస్తోంది. ఎలుకని ముట్టలేదు. కుబుసం విడిచే ముందు కూడా తిండి మానేస్తుంది కదా అని మొదట పట్టించుకోలేదు, అది నా తప్పే.

ఇప్పుడు ట్యాంకులో వేడి వైపు 32 డిగ్రీల సెల్సియస్, చల్లటి వైపు 26, తేమ 60 శాతం ఉంచుతున్నా. ఇది ఊపిరితిత్తుల ఇన్ఫెక్షనేనా? పాముల్ని చూసే వెట్ (పశువైద్యుడు) దగ్గర శుక్రవారానికి అపాయింట్‌మెంట్ దొరికింది. అప్పటిదాకా ఆగొచ్చా, ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలా? యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇంట్లోనే ఇచ్చినవాళ్లు ఉంటే, పాముని కదలకుండా ఎలా పట్టుకున్నారో కాస్త చెప్పండి.